లండన్ వెళ్ళొచ్చిన కొరివికారం

యలమంద చెయ్యంటే పర్చూరు చుట్టుపక్కల పది ఊళ్ళలో పేరుంది. మిర్చి బస్తాని మావైపు టిక్కీ అంటారు. ఎవరైనా టిక్కీలు కొనాలంటే ముందు యలమందని బతిమాలి వెంటబెట్టుకుపోతారు. ఆయన బస్తా మూతి వంక చూడనే చూడడు. మూతి దగ్గర ఎప్పుడూ పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు ఎర్రగా నిగనిగలాడే కాయలే ఉంటాయని ఆయనకి తెలుసు. చొక్కా చెయ్యి పైకి మడిచి, చంక దాకా బస్తాలోకి దూర్చి, కడుపులోంచి పిడికెడు కాయలు లాగుతాడు. ఒకసారి పిసికి, చెవి దగ్గర గలగలలాడించి, "నీళ్ళు కొట్టావు గదరా" అంటాడు. అంతే, అమ్మేవాడు తనంతట తనే ధర దించుకుంటాడు. మూతి చూసి మురవకు, కడుపు చూసి కొనుక్కో అనేది ఆయన సొంత సామెత. దాన్ని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పేవాడు.

అలాంటి మనిషి, నలభై ఆరేళ్ళవాడు, ఒక ఫోటో చూసి పడిపోయాడంటే నమ్ముతారా? నమ్మరు. మా ఊరూ మొదట నమ్మలేదు. నమ్మాక మాత్రం నెల రోజులు నవ్వింది.

జరిగింది రెండువేల ఏడులో. యలమంద భార్య కోటిరత్నం పోయి అప్పటికి ఆరేళ్ళు. పిల్లల్లేరు. ఎకరన్నర చేను, రెండు గదుల ఇల్లు, గోడకి అవతల అక్క సుబ్బరావమ్మ. ఆమెదీ ఒంటి బతుకే. మొగుడు పోయాక తన ఎకరం తమ్ముడి చేతిలో పెట్టేసింది. ఆ ఏడు పెట్టుబడులకి కొంత సరుకు అమ్మగా, ఇద్దరివీ కలిపి నలభై టిక్కీలు మిగిలితే చిలకలూరిపేట రోడ్డులో ఉన్న కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. ధర పెరిగాక అమ్మి, అక్క వాటా డబ్బుతో ఆమె చేలో బోరు వేయించాలన్నది మాట. సరుకు దాచినందుకు స్టోరేజీవాళ్ళిచ్చే బాండు యలమంద పేరు మీదే రాయించారు. "నా పేరెందుకురా? నాకు సంతకం రాదు. నువ్వున్నావుగా" అంది అక్క. ఆ మాట మీరు గుర్తుపెట్టుకోండి. యలమంద కొన్నాళ్ళు మరిచిపోయాడు.

అంతకుముందు, సంక్రాంతి వెళ్ళిన వారానికి, పర్చూరు బస్టాండు ఎదురుగా సుభానీ అనే అతను నెట్ సెంటర్ తెరిచాడు. నాలుగు కంప్యూటర్లు, నాలుగు చెక్క గదులు, గదికో కర్టెన్. గంటకి ఇరవై రూపాయలు. గుంటూరు యార్డులో ధర ఎంత పలుకుతోందో చూద్దామని యలమంద వెళ్ళాడు. ధర చూడటం పది నిమిషాల్లో అయిపోయింది.

"ఇంకా యాభై నిమిషాలుంది బాబాయ్. చాటింగ్ పెట్టమంటారా? లోకంలో ఎవరితోనైనా మాట్లాడొచ్చు" అన్నాడు సుభానీ.

డబ్బు కట్టాక యాభై నిమిషాలు వదులుకుని లేచే రైతు మావైపు ఇంకా పుట్టలేదు. "పెట్టు" అన్నాడు యలమంద. అక్కడ మొదలైంది ఈ కథంతా.

ఆమె పేరు మార్గరెట్. లండన్‌లో నర్సు. మొగుడు కారు ప్రమాదంలో పోయాడు. ఫోటోలో ఎర్రగౌను వేసుకుని, గుర్రం పక్కన నిలబడి నవ్వుతోంది. యలమందకి ఇంగ్లీషు రాదు కాబట్టి ఆమె రాసింది సుభానీ చదివి తెలుగులో చెప్పేవాడు, యలమంద చెప్పింది ఇంగ్లీషులో కొట్టేవాడు. ప్రేమ మాటలు మూడో మనిషి గొంతులోంచి రావడం ఎంత ఇబ్బందో ఆలోచించండి.

"తొలికోత కాయలా ఉన్నావు అని రాయరా" అనేవాడు యలమంద.

"కాయ అంటే బాగుండదేమో బాబాయ్."

"బాగోకపోవడమేంట్రా? తొలికోత కాయ రేటెంతో తెలుసా నీకు?"

సుభానీ ఏం రాసేవాడో దేవుడికెరుక. అవతల నుంచి మాత్రం ముద్దులొచ్చేవి. కానీ యలమందని పడగొట్టింది ముద్దులు కాదు, గుర్రం పక్కన ఎర్రగౌనూ కాదు. మూడోరోజు ఆమె ఒక చిన్న మాట అడిగింది. "తిన్నావా?"

ఆ మాటకి యలమంద కర్టెన్ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. కోటిరత్నం పోయాక ఆ మాట అడిగిన ఆడమనిషే లేదనిపించింది. నిజానికి అక్క రోజూ గోడ మీంచి అడిగేది. "ఏరా, తిన్నావా, మళ్ళీ పొద్దుటి చద్దన్నమే గతుకుతున్నావా?" అని ఊరంతా వినిపించేలా అరిచేది. అది లెక్కలోకి రాలేదు. గోడ మీంచి వచ్చేది అరుపు, లండన్ నుంచి వచ్చేది ప్రేమ. మనిషి బుద్ధి అంతే కదా!

గదిలో కెమెరా పెట్టి మొహం చూపించమంటే ఆమె కెమెరా పాడైపోయింది. ఫోను చెయ్యమంటే ఆస్పత్రిలో డ్యూటీ. సుభానీకి అనుమానం రాలేదని కాదు. వచ్చింది. కానీ యలమంద వారానికి ఐదు గంటలు కూర్చునేవాడు, అంటే వంద రూపాయలు. అనుమానానికి అంత ఆదాయం లేదు.

పక్క గదిలో కర్టెన్ బిగించుకుని లక్ష్మీనరసింహం మాస్టారు కూర్చునేవారు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఇంగ్లీషు పేపర్లు చదవడానికి వస్తున్నానని చెప్పేవారు. సుభానీ తెలుగులోకి దించుతున్న ప్రేమంతా పలచటి చెక్క దాటి ఆయన చెవిన పడేది. ఒకరోజు కర్టెన్ తొలగించి, "యలమందా, ఏ పనికైనా చదువుండాలయ్యా" అని, మళ్ళీ కర్టెన్ వేసుకున్నారు.

మార్చి నెలలో యలమందకి ఒక కోరిక పుట్టింది. ఇన్ని ముద్దులు తీసుకున్నాం, ఏదో ఒకటి పంపకపోతే మర్యాద కాదు కదా అని. మనవైపు మనిషి ప్రేమగా పంపేది ఇంకేముంటుంది? పచ్చడే. అక్క దగ్గరికి వెళ్ళి, "ఫారిన్ పార్టీకి శాంపిల్ పంపాలక్కా. నచ్చితే మన నలభై టిక్కీలూ వాళ్ళే తీసుకుంటారు" అని అబద్ధం ఆడేశాడు.

సుబ్బరావమ్మ పొంగిపోయింది. ఏరి ఏరి పండుమిరపకాయలు తెచ్చి, కడిగి, తుడిచి, ఉప్పూ చింతపండూ వేసి రోట్లో తొక్కింది. మెంతిపిండి, వెల్లుల్లి కలిపి రెండు కేజీల కొరివికారం డబ్బాకెత్తింది. ఆమె కొరివికారం సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. కొత్త అల్లుళ్ళ ధైర్యం దాంతోనే పరీక్షిస్తారు. డబ్బా చుట్టూ కోరాగుడ్డ వేసి, తన చీర కుట్టుకునే పచ్చదారంతోనే కుట్టింది. మార్గరెట్ ఇచ్చిన అడ్రసు రాయించాక, పోస్టాఫీసులో దాని మీద లక్క ముద్రలు వేసి పద్నాలుగొందల చిల్లర తీసుకున్నారు. యలమంద కిక్కురుమనకుండా ఇచ్చాడు. రూపాయి టీకి రెండుసార్లు ఆలోచించే మనిషి!

పదమూడో రోజున జవాబు వచ్చింది. సుభానీ చదివాడు. చదివి తల గోక్కున్నాడు.

"ఏమందిరా?"

"పచ్చడి అందిందంట బాబాయ్. చాలా తియ్యగా ఉందంట. వారంలో డబ్బా ఖాళీ చేసిందంట."

"తియ్యగానా?"

"అంటే... ప్రేమతో పంపారు కదా బాబాయ్."

యలమంద లోపల ఏదో మిరపగింజంత గుచ్చుకుంది. రెండు కేజీల కొరివికారం వారంలో తిన్న మనిషి బతికుండి చాటింగ్ చేస్తోందంటే ఆలోచించాల్సిందే. కానీ ఆలోచిస్తే ఆ "తిన్నావా" కూడా పోతుంది. అందుకని ఆలోచించలేదు. దొరసానుల నాలుక వేరేమోలే అనుకుని ఇంటికి నడిచాడు.

మే నెలాఖరున మార్గరెట్ తను కూడా ఒక బహుమతి పంపానంది. బంగారు గడియారం, కంప్యూటరు, డబ్బా అడుగున పదివేల పౌన్లు. ఇండియా వచ్చి పెళ్ళాడాక పర్చూరులోనే చిన్న ఆస్పత్రి పెడదామంది. వారానికి యలమంద సెల్‌కి ఫోనొచ్చింది. ఢిల్లీ విమానాశ్రయం నుంచట, కస్టమ్స్ ఆఫీసరట. సుభానీ మాట్లాడి చెప్పాడు. పార్సిల్ ఆగిపోయింది, పన్నెండు వేలు కట్టాలి. కట్టాడు. పదిరోజులకి మళ్ళీ ఫోను. పౌన్లు దొరికాయి, ఎనభై ఐదు వేలు కట్టకపోతే కేసు, జైలు. మార్గరెట్ కూడా ఏడుస్తూ రాసింది, నీకోసం పంపి నేను ఇరుక్కున్నాను, నువ్వు తప్ప నాకు దిక్కు లేదు అని. "దిక్కు లేదు" అన్నచోట యలమంద ఆపి మళ్ళీ చదివించుకున్నాడు.

ఎనభై ఐదు వేలు ఎక్కడున్నాయి? కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి. నలభై టిక్కీలు. అందులో ఇరవై అక్కవి.

రెండు రాత్రులు నిద్రపోలేదు. పౌన్లు రాగానే అక్కకి ఒక బోరు కాదు, రెండు బోర్లు వేయిస్తాననుకున్నాడు. దొంగతనం చేసే ప్రతివాడూ ముందు దానం సంగతే ఆలోచిస్తాడు. మూడోరోజు పొద్దున్నే, "సరుకు చూసొస్తానక్కా" అని గోడ మీంచి ఒక కేక వేసి, బాండు జేబులో పెట్టుకుని బయల్దేరాడు. అక్క మొహం మాత్రం చూడలేదు.

గుంటూరు నుంచి కొనేవాళ్ళు వచ్చారు. రైతు తొందరలో ఉన్నాడని వాళ్ళకి వాసన తెలిసిపోతుంది. క్వింటాకి ఐదొందలు తగ్గించి అడిగారు. సరేనన్నాడు. కూలీలు టిక్కీలు బయటికి లాగి వరసగా పేర్చారు. కొనే ఆయన నాలుగు బస్తాల మూతులు విప్పించి, పైపైన చూసి, "బాగుందండీ" అన్నాడు.

"మూతి చూసి కొంటారేంటండీ? కడుపులో చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు యలమంద. పాతికేళ్ళ అలవాటు, నోరు ఊరుకోలేదు.

"మీరు అబద్ధమాడతారా ఏంటి యలమందగారూ? మీమీద నమ్మకమేగా" అని నవ్వాడాయన.

ఆ నవ్వుకి యలమంద మొహం మాడిపోయింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర షేర్ ఆటో ఆగింది. అందులోంచి సుబ్బరావమ్మ దిగింది. చంకలో కోరాగుడ్డ మూట. ఆయాసపడుతూనే అరుస్తూ వచ్చింది.

"ఒరేయ్ యలమందా! ఆగరా! ఆ ఫారిన్ పార్టీ దొంగ పార్టీరా! నీ శాంపిల్ తిరిగొచ్చింది! ఆ అడ్రసులో ఆ పేరుగల మనిషే లేదని రాసుందంట, పోస్ట్‌మ్యాన్ అంకమ్మరావు చదివి చెప్పాడు. వాళ్ళని నమ్మి సరుకు తియ్యొద్దు నాయనా!"

మూట బల్ల మీద పెట్టింది. లక్క ముద్రలు చెక్కుచెదరలేదు. పచ్చదారం కుట్లు అక్క వేసినవి వేసినట్టే ఉన్నాయి. మూడు నెలలు సముద్రాలు దాటి పోయి, ఎవరూ విప్పకుండా తిరిగొచ్చింది. యలమంద కత్తి అడిగి కుట్లు కోశాడు. డబ్బా మూత తీశాడు. నిండుగా ఉంది. వారంలో ఖాళీ అయిన డబ్బా!

ఎవరూ అడక్కుండానే చెయ్యి లోపలికి పెట్టాడు. పైది కాదు, అడుగునుంచి వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాడు. మూడు నెలలు ఊరిన కొరివికారం నాలుక మీద భగ్గుమంది. చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. కళ్ళలో నీళ్ళు ధారగా కారాయి. తియ్యగా ఉందంది కదా, తియ్యగా! కెమెరా పాడవడం, ఆస్పత్రి డ్యూటీ, బంగారు గడియారం, ఢిల్లీ ఆఫీసరు, అన్నీ ఒక్క వేలిముద్దలో కడుపు దాకా దిగాయి.

"ఎందుకేడుస్తున్నావురా? కారమా?"

"కారం కాదక్కా" అన్నాడు. కొనేవాళ్ళు, కూలీలు చూస్తుండగానే మొత్తం చెప్పేశాడు. గుర్రం దగ్గర్నుంచి పన్నెండు వేల దాకా, ఎనభై ఐదు వేల దాకా. "నీ ఇరవై టిక్కీలు కూడా అమ్మేస్తున్నానక్కా. నీకు చెప్పకుండా" అన్నాడు చివరికి.

సుబ్బరావమ్మ అరవలేదు. యలమందకి అదే ఎక్కువ భయమేసింది. కూలీల వైపు తిరిగి, "లోపల పెట్టండయ్యా" అంది. తమ్ముడి జేబులోంచి బాండు తీసి తన రొంటిన దోపుకుంది. "పద, ఆ నెట్ సెంటరు ఎక్కడో చూపించు."

సుభానీ కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. "రాయవయ్యా. అమ్మాయ్, డబ్బు పంపుతున్నాం. మా అక్క ఇంకో డబ్బా పచ్చడి పెడుతోంది. పోయినసారి అందులో ఏమేం వేసిందో, ఏది నచ్చిందో చెప్పు."

సుభానీ కొట్టాడు. మార్గరెట్ ఆలస్యం చెయ్యలేదు. సుభానీ గొంతు సవరించుకుని చదివాడు. "మీ అక్కయ్య చేతిలో మహిమ ఉందంట. ఆ పండ్లు, తేనె... పంచదార సరిగ్గా సరిపోయిందంట."

"పంచదారా?" సుబ్బరావమ్మ కేకకి నాలుగు కర్టెన్లూ ఊగాయి. "నా కొరివికారంలో పంచదారా? దీని నోరు పడిపోను! పన్నెండు వేలు పోతే పోయాయి, ఎంత మాటందిరా!"

సుభానీ ఆ రోజు ఇరవై రూపాయలు తీసుకోలేదు. తల వంచుకుని, "నాకు ముందే అనుమానం బాబాయ్. ఇదే గుర్రం, ఇదే ఎర్రగౌను ఇంకో పేరుతో ఇక్కడే ఇంకో కంప్యూటర్లో చూశాను" అన్నాడు. "చూసి ఇరవై రూపాయల కోసం నోరు కుట్టుకున్నావా?" అని సుబ్బరావమ్మ అతన్ని కూడా వాయించింది. పక్క గదిలో కుర్చీ కిర్రుమంది గానీ ఎవరూ పట్టించుకోలేదు. పోలీసులకి కాగితం రాసిచ్చారు. వాళ్ళు కాగితం తీసుకుని, నవ్వాపుకుని, పచ్చడి సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఆ సాయంత్రం యలమంద గడప మీద కూర్చుండిపోయాడు. దీపం కూడా పెట్టలేదు. గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఏరా, తిన్నావా?"

ఆరేళ్ళుగా రోజూ వింటున్న అరుపే. యలమంద గోడ వైపు తలెత్తాడు.

"లేదక్కా" అన్నాడు.

"అయితే రా. నీకోసం ప్రత్యేకం పిలుపులు పంపాలా?"

తర్వాత ఊరు నవ్విందన్నాను కదా. సోడా బండి దగ్గర, సెలూన్లో, ఎరువుల కొట్టు దగ్గర, "యలమంద బాబాయ్, టిక్కీ కడుపు చూశారా?" అని అడగనివాడు పాపాత్ముడు. అందరికన్నా ఎక్కువ నవ్విన మనిషి లక్ష్మీనరసింహం మాస్టారు. "చదువు లేకపోతే ఇంతేనయ్యా. ఇంగ్లీషు తెలిసుంటే రెండో వాక్యంలోనే పట్టేవాడివి" అని రచ్చబండ దగ్గర పదిమందిలో అన్నారు. యలమంద తల దించుకుని విన్నాడు. ఎవరడిగినా మాత్రం జరిగింది దాచలేదు. దాస్తే ఇంకొకడు పడతాడని అక్క గట్టిగా చెప్పింది.

ఆగస్టులో ఒక మిట్టమధ్యాహ్నం మాస్టారు యలమంద ఇంటికొచ్చారు. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసి, గడప లోపలికొచ్చి నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"యలమందా, మీ అక్కగారు ఆ పచ్చడి ఇంకో డబ్బా కడతారా? డబ్బిస్తాను."

"ఎవరికి మాస్టారూ?"

"ఒకావిడకి. కాథరిన్ అని. స్కాట్లాండు. చదువుకున్నావిడ. అద్భుతంగా రాస్తుంది. అనుమానమేం లేదు, ఊరికే... పంపి చూద్దామని." కండువాతో మెడ తుడుచుకున్నారు. "ఎల్లుండి రిటైర్మెంటు డబ్బులోంచి కొంత పంపాలి."

ఊరంతా నవ్విన నవ్వుకి బదులు తీర్చుకోవడానికి అంతకన్నా మంచి ముహూర్తం రాదు. ఎగతాళి మాట యలమంద నోటి దాకా వచ్చింది కూడా. కానీ మాస్టారు ఆ కండువా కొసని వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నారు. ఆ అవస్థ ఎలా ఉంటుందో తనకి తెలుసు.

"పార్సిల్ పోయి రావడానికి మూడు నెలలు పడుతుందండీ. మీకు ఎల్లుండే గడువు. పంపక్కర్లేదు. పంపానని రాయండి, రెండు వారాలాగండి, అందిందా, ఎలా ఉందని అడగండి. అప్పటిదాకా పైసా కదపొద్దు" అన్నాడు.

మాస్టారు తలూపి వెళ్ళిపోయారు. పదహారో రోజున మళ్ళీ వచ్చారు. అదే మధ్యాహ్నం, అదే కండువా. ఈసారి కూర్చోమనకుండానే అరుగు మీద కూలబడ్డారు.

"ఏమందండీ?"

మాస్టారు కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"తియ్యగా ఉందంది."

యలమంద నవ్వలేదు. తనూ వచ్చి అరుగు మీద పక్కనే కూర్చున్నాడు. గోడ అవతల నుంచి సుబ్బరావమ్మ తల కనిపించింది.

"మాస్టారుగారూ, అన్నం తిన్నారా?"

మాస్టారు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. "లేదమ్మా" అన్నారు.